నా గొంతుతో వచ్చిన పుకారు

విద్వేష నేరాలు ఎలా పుడతాయి, వాటిని ముందే ఎలా ఆపాలి అన్నది నా పరిశోధన. ఊళ్లు తిరిగి, ఎవరు ఎవర్ని చూసి ఎందుకు భయపడతారో అడగడం నా పని. భువనగిరి దగ్గరి మా ఊళ్లో మహిళా సంఘం వాళ్లు మాట్లాడమని పిలిస్తే, ఊరి ఆడబిడ్డను కదా, కాస్త గొప్పగానే వెళ్లాను.

పుకారు ఎంత నమ్మకంగా వినిపిస్తుందో చూపించాలని ఒకటి నేనే తయారుచేశాను.

"గడ్డపోడొకడు గాజులమ్ముకుంట తిరుగుతుండు. పిల్లలను ఎత్తుకపోతుండట. జర పైలం!"

తర్వాత, ఇందులో ఒక్క ముక్క నిజం లేదని, భయం మనల్ని ఎలా పట్టుకుంటుందో చూడమని అరగంట వివరించాను. చప్పట్లు కొట్టారు. నేను పొంగిపోయాను.

మర్నాడు పొద్దున పట్నంలో చాయ్ తాగుతుంటే ఊళ్లోంచి మా వదిన ఒక ఆడియో పంపింది. విన్నాను. నా గొంతే! ఎవరో ఆ మూడు మాటలే రికార్డు చేసి పంచారు. అరగంట వివరణ గంగలో కలిసింది. వెంటనే ఫోన్ చేశాను.

"అది ఉత్తదే వదినా! నేనే కల్పించిన."

"సదువుకున్నదానివి, ఉత్తగనే చెప్తవా? పక్కూరోళ్లు కట్టెలు పట్టుకోని తొవ్వల కూసున్నరట."

 అది సోమవారం. ప్రతి సోమవారం మా ఊళ్లో గాజులమ్మే గడ్డం చాచా మోపెడ్ మీద ఆ దారినే వస్తాడు. నా పెళ్లికి గాజులు తొడిగింది ఆయనే. పోలీసులకు చెప్పాను, బయలుదేరుతున్నామన్నారు. వాళ్లకంటే ముందు చాచా చేరితే? అసలు గడ్డం, గాజులు నా నోటికే ఎందుకొచ్చాయి? ఛీ, ఇన్నేళ్లు జనాన్ని నిలదీసిన దాన్ని, నన్ను నేను ఒక్కసారీ ప్రశ్నించుకోలేదు.

చాచా ఫోన్ ఎత్తడే! నాలుగోసారికి ఎత్తాడు.

"బయలెల్లిన బిడ్డా. బండిల పెట్రోల్ పోపిస్తున్న."

"రాకు చాచా. నీ కాళ్లు మొక్కుత, ఇంటికి మర్లిపో."

జరిగిందంతా చెప్పాను, నా తప్పుతో సహా. తిట్టినా బాగుండేది. ఆయన తిట్టలేదు.

"ముప్పై ఏండ్ల సంది వస్తున్న గద," అన్నాడు. మళ్లీ తనే, "ఎన్నటిదాంక రావద్దంటవ్ బిడ్డా?" అని అడిగాడు.

వారం అనబోయాను. 

"నాకెరుక లేదు చాచా," అన్నాను.