భయం గురించి అడిగే గిటారిస్టు

ఎనభైల్లో జెర్సీ సిటీలో నేనొక రచయిత దగ్గర టైపిస్టుగా పనిచేశాను. ఆయన పర్వతాలెక్కి వచ్చి, ఆ అనుభవాలను పుస్తకాలుగా రాసేవాడు. ఆయన ప్రాణస్నేహితుడు ఒక రాక్ బ్యాండ్‌లో గిటారిస్టు. నాకు మరపురానివాడు ఆ గిటారిస్టే.

ప్రతి అధ్యాయం టైపయ్యాక రచయిత దాన్ని అతనికి చదివి వినిపించేవాడు. అతను కార్పెట్ మీద వెల్లకిలా పడుకుని, కళ్లు మూసుకుని వినేవాడు. చివర్లో ఎప్పుడూ ఒకటే ప్రశ్న.

"ఎక్కడ భయపడ్డావు?"

"భయపడలేదురా!"

"అబద్ధం." నా వైపు తిరిగేవాడు. " పాస్టర్, ఈ పేజీ నువ్వు మళ్లీ టైప్ చెయ్యాల్సిందే."

ఆదివారం చర్చి మాననని నాకు ఆ పేరు పెట్టాడు. రచయిత తిట్టుకుంటూనే మళ్లీ రాసేవాడు. పుస్తకంలో ఆ పేజీలే బాగుండేవి.

ఒక వేసవిలో అలాస్కాలో మంచుచరియలు విరిగిపడి రచయిత చనిపోయాడు. వారం తర్వాత గిటారిస్టు మాసిన గడ్డంతో నా గదికొచ్చాడు.

"పాస్టర్, అక్కడ ఒక్కడే ఎంత భయపడ్డాడో! మీ దేవుడితో వాడి కోసం ఓ మాట చెప్పవా?"

"చనిపోయినవాళ్ల కోసం మేం ప్రార్థన చెయ్యం," అన్నాను.

"సరే," అని తలూపి మెట్లు దిగిపోయాడు. మళ్లీ ఎప్పుడూ కనిపించలేదు.

నేను చెప్పింది బైబిల్ వాక్యానుసారమే. ఇప్పటికీ అదే నమ్ముతాను. కానీ ఆ రోజు నా గుమ్మంలో నిలబడ్డవాడు బతికే ఉన్నాడు. అతని పక్కన మోకాళ్లూని, అతని కోసం ప్రార్థించడానికి ఏ వాక్యమూ అడ్డు రాలేదు. నాకే తట్టలేదు.