కొలంబో కుక్కరు... నాన్నమ్మ రబ్బరు చెప్పులు

మా చిన్నప్పుడు... విశాఖలో హార్బరుకి దగ్గర్లో ఉండేవాళ్లం. నాన్న ఓడలో ఫిట్టరు. ఓసారి కొలంబో నుంచి వస్తూ కరెంటు రైస్ కుక్కరు తెచ్చారు. వీధి వీధంతా చూడ్డానికి వచ్చింది.

"మూత తియ్యకుండా అన్నం ఉడికిందని దీనికెలాగ తెలుస్తాది?" అంటూ నాన్నమ్మ దాని చుట్టూ మూడుసార్లు తిరిగింది.

చిక్కల్లా ప్లగ్గుతోనే... దాని పిన్నులు నలుచదరం, మా బోర్డుకేమో గుండ్రటి కన్నాలు. నాన్న మర్నాడే మళ్లీ ఓడెక్కేశారు.

ఎలమంచిలి నుంచి వచ్చిన మా మావయ్య, అంటే అమ్మ తమ్ముడు, తనకి రాని పని లేదనుకునే రకం. ప్లగ్గు కోసి పారేసి, రెండు తీగల్ని బోర్డు కన్నాల్లోకి తోసి, అగ్గిపుల్లలు గుచ్చి బిగించేశాడు.

"మరి ఈ పచ్చ తీగేట్రా?" అంది అమ్మ.

"అదూరికే ఉంటాదక్కా... ఒగ్గీ!" అని దాన్ని అలాగే వదిలేశాడు.

కొన్నాళ్లు అన్నం బాగానే ఉడికింది. అమ్మ మురిసిపోయింది. ఓ రాత్రి గంజి పొంగి కుక్కరు అడుగులోకి దిగింది... ఎవరూ పట్టించుకోలేదు.

అన్నట్టు, మా వంటింట్లోకి చెప్పులతో వెళ్తే నాన్నమ్మ ఊరుకునేది కాదు. నేనోసారి బడి చెప్పులతో మంచినీళ్లకి వెళ్లానని గచ్చంతా నాచేతే కడిగించింది.

గంజి పొంగిన మర్నాడు పొద్దున్న అమ్మ ఉత్తికాళ్లతో తడి గచ్చు మీద నిలబడి కుక్కరు పట్టుకుంది... అంతే, చెయ్యి అతుక్కుపోయింది. అరవలేదు. అరవలేకపోయింది. కళ్లు మాత్రం నా వైపు తిరిగాయి.

"అమ్మా!" అంటూ పట్టుకోబోయాను. వెనకనుంచి ఎవరో నా జడ పట్టుకుని ఒక్క లాగు లాగారు. నాన్నమ్మ! నన్ను గుమ్మం అవతలికి తోసేసి, అప్పడాల కర్రతో ఆ తీగల మీద ఒక్కటేసింది. అగ్గిపుల్లల మీద నిలబడ్డవి కదా... ఊడి కిందపడ్డాయి. అమ్మ కూలబడిపోయింది. ఊపిరి ఆడుతోంది!

సాయంత్రం వచ్చిన కరెంటు మేస్త్రీ పచ్చ తీగ చూసి నెత్తి కొట్టుకున్నాడు. "పేనం కాసే ఎర్తు తీగ ఇదే కదమ్మా... దీన్నే ఒగ్గేసారేటి?"

కొత్త ప్లగ్గు పెట్టి వెళ్లాడు. మావయ్య నెల్లాళ్లు మా గడప తొక్కలేదు.

నాకు అసలు షాకు మర్నాడు కొట్టింది. నాన్నమ్మ తన రబ్బరు చెప్పులు కుళాయి దగ్గర రుద్ది కడిగింది. పమిటతో తుడిచింది. వంటింట్లోకి తెచ్చి, వంగి, అమ్మ కాళ్ల ముందు పెట్టింది.

అమ్మ రెండడుగులు వెనక్కి వేసింది. "వద్దత్తా... వంటింట్లోనా?"

"ఏసుకోమ్మా. దేవుడికి నాను సెప్పుకుంటాను."

ఆ మాటకి నేను గుమ్మంలోనే నిలబడి ఏడ్చేశాను.

ఇప్పుడు మా ఫ్లాటులో ఏ దేశం ప్లగ్గయినా పట్టే బోర్డులున్నాయి. అగ్గిపుల్లలతో పని లేదు. వంటింట్లో అందరం చెప్పులతోనే తిరుగుతున్నాం... మన తరఫున దేవుడికి సర్దిచెప్పే మనిషే లేకుండా పోయింది.

మీ ఇంట్లో ఎవరుండేవారు అలాగ...?