ట్రాక్టరును పండబెట్టిన మా జీపు

మా జీపు స్టార్ట్ కావాలంటే తాళంచెవి కన్నా నా గొంతే ఎక్కువ పనిచేసేది. "తొయ్యిన్రీ!" అని ఒక్క కేక వేశానంటే చిరాగ్‌పల్లి దగ్గర హోటల్లో చాయ్ తాగేవాళ్లు గ్లాసులు కింద పెట్టి వచ్చేవాళ్లు. వాళ్లు వెనక నుంచి తోస్తుంటే గేరు వేసి క్లచ్ వదిలేదాన్ని. బండి ఒక్కసారి దగ్గి, వాళ్ల ముఖాల మీద నల్లటి పొగ కొట్టి, కదిలేది. "అక్కా, డీజిల్ మాకు పొయ్యి, జీపును మేమే ఊర్లదాక తోస్కపోతం" అని అరిచేవాళ్లు. నవ్వుతూ స్టీరింగ్ తిప్పడం ఎంత కష్టమో తిప్పినవాళ్లకే తెలుస్తుంది.

ఆ జీపు మా ఆయనది. ఆయన ఉన్నన్నాళ్లు నేను వెనక బస్తాల మీదే కూర్చున్నాను. ఆయన పోయాక, పంట తీసేసిన చేలో తిప్పి తిప్పి నేనే నేర్చుకున్నాను. మా అల్లం చేను మొగుడంపల్లి వైపు, వాగు దాటి లోపలికి ఉంటుంది. నాలుగు చినుకులు పడితే ఆ బురదలోకి ఆటో రాదు, మోటార్‌సైకిల్ రాదు. నాలుగు చక్రాలూ లాగే ఈ జీపొక్కటే పోతుంది. ఇది లేకపోతే నా చేనుకు నేను పోవడానికి ఎవరి ట్రాక్టరు ఎప్పుడు ఖాళీ అవుతుందా అని గడపలో కూర్చోవాలి.

అలాంటి జీపుకు బ్యాటరీ దిగిపోవడం మొదలైంది. తోయించుకోవడం అప్పటి నుంచే. ఛార్జింగ్ పెట్టించి తెస్తే రెండు రోజులు పులిలా ఉండేది. తర్వాత టక్‌మని ఒక్క చప్పుడు చేసి ఊరుకునేది. టెర్మినళ్ల మీద పూసిన తెల్లటి బూజును వేడినీళ్లు పోసి కడిగాను. బెల్టు వదులైందేమోనని బిగించాను. ఊహూఁ. మా మరిది వచ్చి అసలు బ్యాటరీయే చెడిపోయిందన్నాడు. చూపిస్తానని తన ట్రాక్టరు బ్యాటరీ తీసి జీపుకు పెట్టాడు. ఒక్క తిప్పుకే అందుకుంది.

"చూసినవా వదినా? బ్యాటరీదే రోగం" అని మీసం దువ్వాడు.

వారం తిరక్కముందే ఆ బ్యాటరీ కూడా పడుకుంది. దుక్కికి పోదామని మరిది దాన్ని తీసుకుపోయి మళ్లీ ట్రాక్టరుకు పెట్టుకుంటే ట్రాక్టరూ టక్‌మంది. వాకిట్లో రెండు బండ్లు, రెండూ మొండికేసి నిలబడ్డాయి. కొంగు నోట్లో కుక్కుకున్నాను గానీ నవ్వు పక్కల నుంచి వచ్చేసింది.

"నవ్వు వదినా, నవ్వు! రేపు పొద్దుగాల తుక్కోడొస్తడు, దీన్ని ఇచ్చేద్దాం. నా ట్రాక్టరును గూడ మింగింది."

అక్కడ ఆగింది నా నవ్వు. "జర ఆగు తమ్మీ. మెకానిక్‌కు ఒక్కపారి సూపిస్త."

"సరే, ఇగ ఒక్కటే మాట. రేపు పట్టపగలు లైట్లేసుకొని చేనుకు పోయి రా. వచ్చినంక గూడ బ్యాటరీ దిగకుండ, నా ట్రాక్టరును ఈ జీపే లేపాలె. లేపితే నీ జీపు నీది. లేకుంటే తుక్కోనిది."

మెకానిక్ దుకాణం జహీరాబాద్ బస్టాండు దగ్గర. మా ఆయన్ను భాయ్ అనేవాడు, నన్ను భాభీ అంటాడు. ఆ సాయంత్రమే నేను పంపిన మా జీపు బ్యాటరీని రాత్రంతా ఛార్జింగ్ పెట్టి, స్కూటర్ మీద కాళ్ల మధ్య పెట్టుకుని పొద్దున్నే వచ్చాడు. అప్పటికే తుక్కువాడు వచ్చి, మేకను బేరం చేసేవాడిలా జీపు డొక్కలు తట్టి చూస్తున్నాడు.

మెకానిక్ ఇంజను స్టార్ట్ చేసి బ్యాటరీకి మీటరు పెట్టాడు. "బందున్నప్పుడు పన్నెండు, నడిచేటప్పుడు గూడ పన్నెండే. పద్నాలుగు దాక ఎక్కాలె. డైనమో తిరుగుతుంది గాని కరెంటు ఇస్తలేదు భాభీ."

తుక్కువాడు తాడు విప్పడం మొదలుపెట్టాడు. మెకానిక్ ఇంజను ఆపి, సీట్లో కూర్చుని, ఉత్తగా తాళం తిప్పి ముందున్న బోర్డు వైపు చూశాడు.

"భాభీ, లాల్ బత్తీ ఏది?"

"మేమేమన్న మంత్రులమా భాయ్, లాల్ బత్తి ఉండనీకె?"

"నెత్తి మీదిది కాదు, ఈడ బోర్డులది. తాళం తిప్పితే ఎర్రగ ఎలగాలె, ఇంజను అందుకుంటే ఆరాలె. ఆ బల్బు బుగ్గలకెల్లి పొయ్యే కరెంటుతోనే డైనమో నిద్ర లేస్తది. బుగ్గ లేకుంటే ఉత్తగ తిరుగుతది, అంతే." బోర్డు కింద చెయ్యి పెట్టి ఒక వైరు లాగాడు. చివర హోల్డరు ఉంది, బల్బు లేదు. "ఇది ఊడిపోలే భాభీ. ఎవరో పీకిన్రు."

అప్పుడు తోచింది నాకు. ఇంతసేపూ మా అత్తమ్మ ఒక్క మాట మాట్లాడలేదు. వాకిట్లో ఇంత గొడవ జరుగుతుంటే ఆమె నోరు మూసుకుని కూర్చోవడం ఈ ఇంట్లోకి వచ్చాక నేనెన్నడూ చూడలేదు. అరుగు మీద ఆకువక్క నములుతూ గోడ వైపు చూస్తోంది. జీపులో ముందు సీటు ఎప్పుడూ ఆమెదే.

"అత్తమ్మా!"

"నాకేం ఎర్క?"

నేనింకా ఏమీ అడగనే లేదు. వెళ్లి ఆమె వక్కల సంచి బోర్లించాను. వక్కముక్కల మధ్య, సున్నం అంటుకుని, ఇంతే ఇంత బల్బు.

"బయలెల్లంగనే ఎర్రకన్ను తెరిచి నన్నే సూడవట్టె" అంది అత్తమ్మ. "నా కొడుకు పొయ్యిండు. ఇంక నీకు గూడ దిష్టి తగలొద్దని పీకిన."

నేను బల్బును అరచేతిలోకి తీసుకున్నాను. అంతలోనే ఆమె, "సున్నం తుడిచి పెట్టున్రి, లేకుంటే నోరు పొక్కుతది దానికి" అంది. మెకానిక్ స్పానర్ వదిలేసి నేల మీద కూలబడి నవ్వాడు. "నా ట్రాక్టరు పండింది నీ వక్కల సంచిలనా అవ్వా!" అని మా మరిది తల పట్టుకున్నాడు.

బల్బు పెట్టి తాళం తిప్పితే ఎర్రగా వెలిగింది. ఇంజను అందుకోగానే ఆరింది. మీటరు మీద అంకె పద్నాలుగుకు ఎక్కింది.

లైట్లు వేసుకుని బయలుదేరాను. ఎండలో లైట్లేమిటని ఎదురొచ్చిన ప్రతివాడూ వేళ్లు మూసి తెరిచి సైగ చేశాడు. "ఎర్కనే, ఎర్కనే!" అని అరుస్తూ పోయాను. వాగు దాటి, చేను చూసుకుని, తిరిగి వస్తూ చిరాగ్‌పల్లి హోటల్ ముందు కావాలనే ఇంజను ఆపాను. పాపం, గ్లాసులు దించి చేతులు దులుపుకుంటూ వచ్చారు. వాళ్లు దగ్గరికి రాగానే తాళం తిప్పాను. జీపు గుర్రుమంది.

"గిదేందక్కా, మేమేం తప్పు జేసినం?" అన్నాడొకడు దిగాలుగా.

ఇంటికొచ్చాక మెకానిక్ జీపు బ్యాటరీకీ ట్రాక్టరు బ్యాటరీకీ లావు తీగలు కలిపాడు. మరిది ట్రాక్టరెక్కాడు. నేను జీపు ఆపకుండా యాక్సిలరేటర్ తొక్కి పట్టాను. ట్రాక్టరు ఒకసారి మూలిగింది. రెండోసారి మూలిగింది. ఇంకాస్త తొక్కాను. మూడోసారి ఢబఢబమని వాకిలంతా అదిరేలా లేచింది. తుక్కువాడు తాడు చుట్టుకుని, "విరిగిన బకెట్లన్న ఉన్నయా అమ్మా?" అని అడిగాడు.

మరిది నా వైపు చూడకుండానే అన్నాడు: "లైట్లు బందు చెయ్యి వదినా. ఇంక పొద్దు గూకలే."

ఇప్పుడు చేనుకు బయలుదేరినప్పుడల్లా అత్తమ్మ ముందు సీట్లో కూర్చుని కళ్లు గట్టిగా మూసుకుంటుంది. నేను తాళం తిప్పుతాను.

"ఆరిందా?"

"ఆరింది అత్తమ్మా."

"నిజం?"

"నిజం."

అప్పుడు కళ్లు తెరిచి, వక్కల సంచి విప్పి, "ఇగ పా" అంటుంది.