పేర్లు తీయించిన డబ్బాలు

నాలుగేళ్ళ కిందట, జూన్‌లో బడులు తెరిచిన వారం, ఏలూరు పవర్‌పేటలో ఒక రిటైర్డ్ టీచరుగారి ఇల్లు ఖాళీ చేయించే పని నాకు అప్పగించారు. అప్పటికి ఈ వృత్తిలో నాది అయిదో ఏడు. ఇప్పుడు రిటైరయ్యాను. వయసు ముప్ఫై మూడు. సన్మానం జరగలేదు, శాలువా కప్పలేదు. ఒక ఇనప బీరువాని మేడమెట్ల మీంచి దింపుతుంటే నడుం పట్టేసింది. ఇక బరువులు ఎత్తొద్దని డాక్టరుగారు చీటీ రాశారు. అదే నా పదవీ విరమణ ఉత్తర్వు. ప్రస్తుతం భీమడోలులో మా బావ నడిపే చేపల మేత డిపోలో కుర్చీలో కూర్చునే ఉద్యోగం చేస్తున్నాను.

ఆ వృత్తి గురించి అడిగేవాళ్ళు ఇంకా ఉన్నారు కాబట్టి కొంచెం చెప్పాలి. ఇంట్లో మనిషి పోయినా, కాపురం వేరే ఊరికి మారినా, లోపలున్న సామానంతటికీ ధర చీటీలు అంటించి, తలుపులు బార్లా తెరిచి, రెండు రోజుల్లో ఆ ఇంట్లోనే అమ్మిపెట్టడం మా పని. హైదరాబాదులో ఇది పెద్ద వ్యాపారమే. అక్కడ ఒక సంస్థలో రెండేళ్ళు పనిచేశాను. అందులో హోదాలు మూడు: మోసేవాడు, చీటీలు అంటించేవాడు, సూపర్‌వైజరు. ఏలూరు వచ్చి సొంతంగా పెట్టుకున్నాక మూడూ నేనే. బోర్డు మీద ‘గృహ సామగ్రి విక్రయ నిర్వహణ’ అని రాయించాను. జనం మాత్రం ‘సామాన్లబ్బాయి’ అన్నారు. బోర్డు రాసినాయనకి ఇచ్చిన డబ్బు దండగ.

పనికి ఒక వరస ఉంది. మొదటి రోజు ఇంటివాళ్ళతో గదిగదీ తిరగడం. ఉంచుకునేవాటికి ఎర్రచీటీ, అమ్మేవాటికి పసుపు, ఊరికే ఇచ్చేసేవాటికి పచ్చ. రెండో రోజు జాబితా రాయడం. మూడో రోజు శుభ్రం చేయించడం. శుక్రవారం ముందుచూపు, అంటే కొనేవాళ్ళు వచ్చి చూసుకుని వెళ్ళడం. శని, ఆదివారాలు అమ్మకం. ఆ రెండు రోజులూ ఇంటివాళ్ళు ఇంట్లో ఉండకూడదన్నది గట్టి నియమం. ఉంటే ప్రతి వస్తువుకీ ఒక కథ చెబుతారు. కొనడానికి వచ్చినవాళ్ళు కూర్చుని, కాఫీ తాగి, కళ్ళు తుడుచుకుని వట్టిచేతులతో వెళ్ళిపోతారు.

స్టీలు సామానుకి మాత్రం నేను సొంతంగా ఒక మెట్టు కలిపాను. మనవైపు పేరు కొట్టించని గిన్నె ఉండదు. కొట్లో గిన్నె కొనగానే మిషనుతో చుక్కలు చుక్కలుగా పేరు కొట్టి ఇస్తారు. గృహప్రవేశానికి ఇచ్చినా, పెళ్ళికి ఇచ్చినా ఇచ్చినవాళ్ళ పేరు దాని మీద ఉండాల్సిందే. అలాంటి సామాను అమ్మకానికి పెడితే రెండు ఇబ్బందులు. వేరేవాళ్ళ పేరున్న పళ్ళెంలో తమ ఇంటికొచ్చిన చుట్టానికి అన్నం పెట్టడం ఎవరికీ ఇష్టం ఉండదు. పైగా ఇచ్చిన మనిషే అమ్మకానికి వచ్చి, తన పేరు పక్కన ధర చీటీ చూసుకుంటే ఆ సాయంత్రం నేను ఆ వీధిలో తిరగలేను. అందుకని ముందే స్టీలంతా పాలిష్ షాపుకి పంపి పేర్లు తీయించేవాణ్ణి. ఇది నా తెలివికి నిదర్శనమని నలుగురికీ చెప్పుకున్నాను కూడా.

టీచరుగారి పేరు సువార్తమ్మగారు. పెదపాడు అవతల, కొల్లేటి వైపు ఒక మిషను బడిలో లెక్కలు చెప్పి రిటైరయ్యారు. పెళ్ళి చేసుకోలేదు. తాడేపల్లిగూడెంలో ఉంటున్న తోటి టీచరుగారితో కలిసి ఒకే ఇంట్లో ఉందామని ఇద్దరూ నిర్ణయించుకున్నారు. ఇంట్లో ఇంత సామాను వదిలి వెళుతున్నందుకు ఆవిడ బెంగపడతారేమో అని నేను ఓదార్పు మాటలు సిద్ధం చేసుకుని వెళ్ళాను. వాటి అవసరం పడలేదు.

“ఒకళ్ళు కాఫీ పెడితే వంక పెట్టడానికి ఇంకొకళ్ళు ఉండాలి కదండీ. ఇక్కడ నా కాఫీకి నేనే వంక పెట్టుకోవాల్సొస్తంది,” అన్నారు ఆవిడ.

వంటగదిలో స్టీలు రెండు గోనెసంచులకి పైనే ఉంది. అన్నీ పిల్లల తల్లిదండ్రులు ఇచ్చినవే. ఏం చేయమంటారని అడిగాను.

“అమ్మేయండి బాబూ. ఒక్కొక్క పేరూ చదువుకుంటూ కూర్చుంటే నా రైలు వెళ్ళిపోద్ది.”

ఆవిడ రెండు గ్లాసులకీ, ఒక పళ్ళేనికీ ఎర్రచీటీ అంటించి, బుధవారం గూడెం వెళ్ళిపోయారు. గురువారం మొదటి సంచి పాలిష్‌కి వెళ్ళింది.

శుక్రవారం ముందుచూపుకి పదింటికల్లా ఒకావిడ వచ్చారు. నలభైకి దగ్గరగా ఉంటారు. నర్సు చీర మీదే ఉన్నారు. పేరు ఎస్తేరు, గణపవరం వైపు ఒక ఆసుపత్రిలో ఉద్యోగం. సువార్తమ్మగారి దగ్గర చదువుకున్నారట. నేను వాట్సాప్‌లో పంపిన అమ్మకం ఫోటో చేతులు మారి మారి ఆవిడకి చేరింది. స్టీలు కుప్ప వెనక వరండా చూసి ఇల్లు గుర్తుపట్టారు. మూత ఉన్న డబ్బా ఒకటి కావాలన్నారు. ఆవిడ పదో తరగతి పాసైనప్పుడు వాళ్ళమ్మ దాన్నిండా ఎండు రొయ్యలు పోసి టీచరుగారికి ఇచ్చిందట. దాని మీద వాళ్ళమ్మ పేరు ఉంటుంది.

“మా అమ్మ పోయిన క్రిస్మస్ ముందు పోయిందండి. చెరువుల మీద పని చేసేది. సంతకం రాదు, ఏలిముద్రే. ఆ డబ్బా కొన్నప్పుడు కొట్టాయన పేరు కొడతంటే పక్కనే నుంచుంది. అయ్యాక, ఇందులో నా పేరు ఏదమ్మా అని నన్నడిగి, ఏలు పెట్టి తడుముకుంది. ఎన్నిసార్లు తడిమిందో! కొట్టాయన, అరిగిపోద్ది మామ్మా, ఇక చాలు అన్నాడు. నాకది కావాలి తమ్ముడుగారూ. ధర ఎంతైనా పర్లేదు.”

ఓటరు కార్డులో పేరు ఉంటుంది కదండీ అన్నాను. ఇలాంటి సమయాల్లో నా నోటికి ఇలాంటి మాటలే వస్తాయి.

“అందులో మారెమ్మ అని పడిందండి. మా అమ్మ మార్తమ్మ,” అన్నారు.

డబ్బాలన్నీ మొదటి సంచిలో ఉన్నాయని నాకు అప్పుడే తెలుసు. శుభ్రం చేయించడానికి పంపాం, ఒక్క అరగంట కూర్చోండి అని చెప్పి స్కూటరు తీశాను. అబద్ధం కాదు. నిజం కూడా పూర్తిగా కాదు.

ఇలాంటి చోట కథల్లో అయితే మనిషి గాలిలా దూసుకుపోతాడు. నాకు రైల్వే గేటు పడింది. వచ్చింది గూడ్సు. వచ్చి, మధ్యలో ఆగింది కూడా. నా పక్కన ఒకాయన బండి మీద అరటిగెల పెట్టుకుని, ఇంజను ఆపేసి, గెలలో పండిన పండు చూసి ఒలుచుకుని తిన్నాడు. నాకూ ఒకటి ఇచ్చాడు. తిన్నాను.

పాలిష్ షాపు మాస్టారు టీ తాగుతున్నారు. పని ఇంకా మొదలుపెట్టలేదేమో అని ప్రాణం లేచొచ్చింది.

“ఎప్పుడో అయిపోయిందండీ! అర్జంటు అర్జంటని మీరే కదా పీకల మీద కూచున్నారు. పొద్దున్నే మిషనెక్కించేశాను. చూడండి, అద్దం లాగుంది. మీసం దువ్వుకోవచ్చు.”

మూడేళ్ళలో ఆయన నాకు చెప్పిన సమయానికి పని ఇవ్వడం అదే మొదటిసారి.

ఒకే సైజు డబ్బాలు అయిదు ఉన్నాయి. ఎండలోకి తీసుకెళ్ళి తిప్పి తిప్పి చూశాను. మాస్టారు పనిమంతుడు. అక్షరం జాడ లేదు.

ఇక్కడ నాకు వచ్చిన ఆలోచన కూడా రాయాలి, లేకపోతే ఇది జ్ఞాపకం కాదు, వ్యాపార ప్రకటన అవుతుంది. ఆ సందు చివరే గిన్నెల కొట్టు ఉంది. పేరు మళ్ళీ కొట్టించడం రెండు నిమిషాల పని. ఒక డబ్బా పట్టుకుని వెళ్ళాను. కొట్టాయన మిషను చేతిలోకి తీసుకుని, ఏం కొట్టమంటారండీ అని అడిగాడు. మార్తమ్మ అన్నాను. ఇంటిపేరు? తెలియదు. కింద ఇంకేమన్నా ఉందా? తెలియదు. జేబులోంచి జాబితా తీశాను. నా జాబితాలంటే నాకు గర్వం. డబ్బా ఎత్తు, చుట్టుకొలత, మూత బిగువు, అడుగున సొట్ట, అన్నీ రాస్తాను. ఆ వరుసలో ఇలా ఉంది: ‘స్టీలు డబ్బాలు, మూతలతో, అయిదు. పేర్లు ఉన్నాయి.’

ఏ పేర్లో రాయలేదు. తీయించేసేవాటిని రాయడం ఎందుకనుకున్నాను. పైగా నా చేతిలో ఉన్నది అయిదింటిలో ఏ డబ్బానో నాకే తెలియదు. కొట్టాయన ఇంకా మిషను పట్టుకుని చూస్తున్నాడు. వద్దులెండి అని వచ్చేశాను.

అయిదు డబ్బాలూ తీసుకెళ్ళి వరండాలో ఎస్తేరుగారి ముందు పెట్టి జరిగింది చెప్పాను. అరుస్తారనుకున్నాను. అరిస్తే నాకు బాగుండేది. ఆవిడ ఒక్కొక్క డబ్బా తీసుకుని మూత తీసి వాసన చూశారు. అన్నీ పాలిష్ మందు వాసనే. వేలితో అంచు చుట్టూ తడిమారు. నాలుగు డబ్బాలకి అలా చేసి, అయిదోది ముట్టుకోకుండా, టీచరుగారికి ఫోన్ చేయమన్నారు.

చేశాను. సువార్తమ్మగారు మొత్తం విన్నాక నన్ను మూడు ప్రశ్నలు అడిగారు.

“పేర్లు తీయమని నేను చెప్పానా బాబూ?”

“లేదండి.”

“తీస్తానని మీరు నాకు చెప్పారా?”

“లేదండి.”

“మరి?”

లెక్క తప్పిన పిల్లాణ్ణి బోర్డు దగ్గర నిలబెట్టినట్టే ఉంది. ఫోను ఎస్తేరుకి ఇవ్వమన్నారు. అవతలి మాటలు నాకు వినపడలేదు. ఇవతలివి మాత్రం విన్నాను: “మీకూ గుర్తులేదా టీచరుగారూ… అంతేలెండి, పేరు చూసే కదా ఎవరైనా గుర్తుపట్టేది… లేదండి, ఏడవట్లేదు… అయ్యో, మీరెందుకు ఏడుస్తారూ, ఊరుకోండి…”

ఫోన్ పెట్టేశాక, అయిదింటిలో ఏది కావాలంటే అది తీసుకోమన్నాను. టీచరుగారు కూడా అదే చెప్పారట.

“ఏదో ఒకటి పట్టికెళ్ళి మా అమ్మదనుకోమంటారా? అయిదూ పట్టికెళ్తే అందులో ఒకటి కచ్చితంగా మా అమ్మదే అవుద్ది. కాకపోతే నాలుగు ఎవరివో అవుతాయి,” అన్నారు. ఎగతాళి చేయడం లేదు, నిజంగానే లెక్క వేసి చూశారు. టీచరుగారి శిష్యురాలు కదా. చివరికి ఒక్కటీ తీసుకోలేదు.

వెళ్ళబోతూ, మూలన ఉన్న రెండో సంచి చూసి, ఇది కూడా తీయించేశారా అని అడిగారు. ఇంకా లేదన్నాను. ఆవిడ బస్సు సంగతి వదిలేసి మెట్టు మీద కూర్చుని సంచి విప్పించారు. ఒక్కొక్క గిన్నే తీసి పేరు చదువుతుంటే నేను కాగితం మీద రాశాను. ఆవిడకి చాలామంది తెలుసు. “ఈళ్ళు పెదపాడులోనే ఉన్నారు, రాసుకోండి. ఈయన లేడు, కూతురు భీమడోలులో బట్టలు కుడతంది. ఈవిడ మాత్రం నాకు చచ్చినా నచ్చదు, అయినా రాయండి.” మధ్యాహ్నం దాకా కూర్చున్నారు. నేను తెప్పించిన భోజనం తినలేదు, మజ్జిగ తాగారు. తన పేరుగానీ వాళ్ళమ్మ పేరుగానీ మళ్ళీ ఎత్తలేదు.

శనివారం స్టీలు అమ్మకానికి పెట్టలేదు. ఆ కాగితం పట్టుకుని, నంబర్లు వాకబు చేసి ఫోన్లు చేశాను. పెద్ద విశేషమేమీ జరగలేదు. చాలామంది, ఎప్పుడిచ్చామో గుర్తే లేదండీ, అమ్మేసుకోండి అన్నారు. ఒకాయన, ఇన్నాళ్ళకి ఫోన్ చేసి గిన్నె వెనక్కి ఇస్తానంటున్నావు, మాకు గిన్నెలు లేవనుకున్నావా అని కోప్పడ్డాడు. నలుగురు వచ్చారు. వాళ్ళలో భీమడోలు టైలరు ఒకరు. ఆవిడ గిన్నె తీసుకుని పేరు ఒకసారి చదువుకుని, సంచిలో పెట్టుకుని వెళ్ళిపోయారు.

ఆ తర్వాత నేను రిటైరయ్యేదాకా చేసిన ప్రతి ఇంట్లోనూ రెండు మార్పులు పాటించాను. జాబితాలో ‘పేరు ఉంది’ అని రాయడం మానేసి, ఉన్న పేరు ఉన్నట్టుగా, తప్పులతో సహా రాశాను. పాలిష్‌కి పంపేముందు ఆ జాబితా ఇంటివాళ్ళకి చదివి వినిపించి, తీయించమంటారా అని అడిగాను. దాదాపు అందరూ తీయించేయండి అనే అన్నారు. కాబట్టి నా పద్ధతి తప్పు కాదు, అడగకపోవడమే తప్పు. ఆ అడగడానికి పట్టేది ఒక పూట. ఎస్తేరుగారి విషయంలో ఆ పూట నేను మిగుల్చుకున్నాను.