విమానం పడలేదు, పరామర్శలు ఆగలేదు

మా చెల్లెలు నడిపే విమానం ఎక్కడా పడలేదు. అయినా తిరువూరులో మా ఇంటికి జనం పరామర్శకు వచ్చారు. మా వైపు పరామర్శంటే బ్రెడ్డు, అరటిపళ్ళు. మధ్యాహ్నానికి మంచం మీద బ్రెడ్డు ప్యాకెట్లు పేరుకున్నాయి. పేషెంటేమో వంటింట్లో గోంగూర పచ్చడితో మారు అన్నం కలుపుకుంటోంది.

జరిగింది ఇదీ. చెల్లెలు కో-పైలట్. ఆ రోజు బాగా పైన, మేఘాల్లో, వేగం చూపించే మీటరులో అంకె ఉన్నట్టుండి పడిపోయింది. గాలిని కొలిచే గొట్టంలో మంచు గడ్డకట్టిందట. కాసేపటికి మంచు కరిగింది, మీటరు దారికొచ్చింది, విమానం క్షేమంగా దిగింది. సెలవుకొచ్చి ఆ ముక్క అమ్మకు చెప్పింది. అమ్మ పక్కింటావిడకు చెప్పింది. కబురు గంపలగూడెం చేరేసరికి విమానం చెరువులో మునిగి తేలింది.

అమ్మ యూనిఫాం బీరువాలో పెట్టి తాళం వేసి, తాళంచెవి కొంగున ముడేసుకుంది. ఇక ఆ ఉద్యోగం వద్దంది. చెల్లెలు డ్యూటీకి వెళ్ళాల్సింది మర్నాడే.

పెదనాన్న విస్సన్నపేట నుంచి వచ్చి కుర్చీ లాక్కున్నారు.

"మీటరు పోతే ఆపెయ్యాలి గదమ్మా!"

"ఆకాశంలో ఎక్కడ ఆపను పెదనాన్నా?"

"ఇండికేటరేసి, పక్కకి తీసి," అన్నాను నేను. ఎనిమిదో తరగతితో బడికి దండం పెట్టి టిఫిన్ బండి పెట్టుకున్నవాణ్ణి. ఇంతకన్నా పెద్ద సలహా నా దగ్గర దొరకదు.

చెల్లెలు చెయ్యి కడుక్కొచ్చింది. "వేగం తగ్గిందని మీటరు చూపించింది. అది నమ్మి విమానం ముక్కు కిందికి దించితే వేగం మరీ పెరిగిపోయి, అప్పుడొస్తుంది అసలు ప్రమాదం. అందుకే మీటర్ని పట్టించుకోవడం మానేశాం. ముక్కు ఎంత ఎత్తుండాలో, ఇంజన్ ఎంత జోరుండాలో మాకు ముందే లెక్క ఉంటుంది. అక్కడ పెట్టి కదలకుండా పట్టుకున్నాం."

"భయమెయ్యలేదే?" అంది అమ్మ.

"వేసింది. అరచేతులు తడిసిపోయాయి. అయినా కదపలేదు."

"నేననేదీ అదే," అన్నారు పెదనాన్న. "ఆడపిల్లకెందుకమ్మా ఆ భయం?"

నాకు ఒళ్ళు మండింది. మండితే నాకు వెటకారమే వస్తుంది. "పక్క సీట్లో కెప్టెనూ ఉన్నాడు పెదనాన్నా. ఆయనింటికి బ్రెడ్డు పట్టుకెళ్ళారా ఎవరైనా?"

"ఆయనకేంట్రా, మగాడు."

"ఆ సంగతి మంచుకి తెలుసా?"

అమ్మ నవ్వలేదు. "ఆ కెప్టెను మళ్ళీ ఎక్కాడా?" అని చెల్లెల్ని అడిగింది.

"నిన్ననే ఎక్కాడమ్మా."

"వాళ్ళావిడ ఏమీ అన్లేదా?"

"క్యారేజీ కట్టిచ్చిందంట."

అమ్మ కొంగు ముడి కాసేపు నలిపి, విప్పింది. "మరి నా పిల్ల ఏం తప్పు చేసిందని ఇంట్లో కూచోవాలి బావగారూ?"

"రేపేదన్నా అయితే నన్ననొద్దు."

"మిమ్మల్నెవరంటున్నారు? అంటోంది మీరేగా," అంటూ వెళ్ళి బీరువా తెరిచింది.

ఎప్పుడూ యూనిఫాం బ్యాగులో దాచుకెళ్ళి ఎయిర్‌పోర్టులో మార్చుకునే మనిషి, మర్నాడు చెల్లెలు ఇంట్లోనే వేసుకుంది. భుజాల మీద చారలు మెరుస్తున్నాయి. నేను బైకును సందులోకి తిప్పబోతే వీపు మీద పొడిచింది.

"మెయిన్ రోడ్డు మీదే పోనీ అన్నయ్యా. మెల్లగా."

బస్టాండులో ఎవరో పెద్దాయన దగ్గరికొచ్చి, గొంతు తగ్గించి, "ఇప్పుడెలా ఉందమ్మా?" అన్నాడు.

"డ్యూటీకి వెళ్తున్నానండీ," అని పది మందికీ వినబడేలా చెప్పి, విజయవాడ బస్సెక్కి ముందు సీట్లో కూర్చుంది.