పసుపు ఆపిన అయిదు రోజులు

1962లో నేను చిట్టమూరు దగ్గరి పల్లెలకు మిడ్‌వైఫ్‌ని. ఇరవై మూడేళ్ల వయసు. సర్టిఫికెట్ కొత్తది, నోటి నిండా సలహాలు.

నేనే పురుడు పోసిన పెంచలమ్మ బిడ్డను మూడో రోజు చూడబోయాను. కిటికీకి గోనెపట్టా కట్టేసిన గదిలో పిల్లవాడు పచ్చగా మెరుస్తున్నాడు. పెంచలమ్మ తల్లి రమణమ్మవ్వ నీళ్లు పోసేటప్పుడు పూసిన పసుపేలే అనుకున్నాను. రెప్ప ఎత్తి చూస్తే తెల్లగుడ్డు కూడా పచ్చగానే ఉంది.

"కామెర్లే నర్సమ్మా, నాకు తెలవదా? రేపు పసుపుకొమ్ము కాల్చి పొట్ట మీద మూడు వాతలు పెడతా" అంది అవ్వ, రేపటి కూర సంగతి చెప్పినంత తేలిగ్గా.

నాకు ఒళ్లు మండిపోయింది. "ఇది ఫిజియోలాజికల్ జాండిస్ అవ్వా" అంటూ పాఠం అప్పజెప్పాను. పుట్టిన రెండు మూడు రోజులకు చాలామంది బిడ్డలకు వచ్చి, పాలు బాగా తాగితే దానంతటదే పోయే పచ్చదనం అన్నమాట.

"అంత పెద్ద పేరున్న జబ్బు వాత లేకుండా ఎట్లా పోతాదమ్మే?"

"ఎందుకవ్వా నీకంత తొందర?" అని విసుక్కున్నాను.

అవ్వ మనవణ్ణి ఒళ్లోకి తీసుకుంది. "నా తొలిచూలు బిడ్డ ఇట్లే పచ్చబడి చచ్చిపోయినాడు. చూద్దాంలే అని వాత పెట్టకుండా ఊరుకున్నా" అంది. నా కోపం అక్కడితో చచ్చింది. సిగ్గేసింది కూడా.

అయిదు రోజులు గడువు అడిగాను. అసలు రంగు తెలియాలి కాబట్టి పసుపు లేకుండా నీళ్లు పోయాలి. కిటికీ తెరవాలి. తల్లికి కడుపునిండా తిండీ నీళ్లూ ఇచ్చి, బిడ్డను రెండు గంటలకోసారి లేపి పాలివ్వాలి. వాడు పాలు మానేసి మత్తుగా పడి ఉన్నా, అరికాళ్లు పచ్చబడినా వెంటనే గూడూరు ఆసుపత్రికి తీసుకుపోవాలి.

"సరే. అయిదు దినాలూ నువ్వు రావాల. రాని దినం వాత పెట్టేస్తా" అంది అవ్వ.

మూడు మైళ్ల ఇసుక దారి. రోజూ తిట్టుకుంటూనే వెళ్లాను.

గడువులో మూడో రోజు వెళ్లేసరికి పచ్చదనం ఇంకాస్త ముదిరింది. మంచం పక్కన కుంపటి, అందులో పసుపుకొమ్ము. అవ్వ నిప్పులు విసురుతోంది. నిజం చెప్పొద్దూ, నాకూ భయం పట్టుకుంది. కిటికీ వెలుతురులో బిడ్డ అరికాళ్లు నొక్కి చూశాను. పచ్చదనం అక్కడిదాకా రాలేదు.

"పాలు తాగుతున్నాడా?"

"వదిలితే కదక్కా! నన్ను పీక్కు తింటాండాడు" అంది పెంచలమ్మ.

"రంగు చూడు నర్సమ్మా, రంగు!" అంటూ అవ్వ మనవణ్ణి పైకెత్తింది. వాడు కాళ్లు జాడించి ధారగా ఉచ్చ పోశాడు. అది పోయి పోయి కుంపట్లో పడింది. చుయ్‌మని పొగ లేచింది.

"పాలు చాలినంత తాగిన బిడ్డే అట్లా పోస్తాడవ్వా" అన్నాను.

"వాత వద్దంటాండాడే నా మనవడు!" అని అవ్వ పకపకా నవ్వింది. నవ్వుతూనే ఏడ్చింది. "నన్ను నవ్వించొద్దమ్మా, కుట్లు లాగుతాండాయి" అని పెంచలమ్మ మొత్తుకుంది. అవ్వే కుంపటి తీసుకుపోయి పెరట్లో కుమ్మరించి వచ్చింది.

పుట్టిన పదో రోజుకు వాడి కళ్లు మల్లెపూలలా తెల్లబడ్డాయి. ఆ వేళ నాకు అరిసెలు పెట్టారు, మొహమాటం లేకుండా తిన్నాను.

తర్వాత ఎన్నో ఏళ్లు ఉద్యోగం చేశాను. ఏ బాలింత ఇంటికి వెళ్లినా ముందు పెద్దావిడ పక్కన కూర్చుని, "అవ్వా, నీకేం భయంగా ఉంది?" అని అడిగేదాన్ని. ఆ రోజు విసుగులో నా నోట "ఎందుకవ్వా నీకంత తొందర" అన్న మాట రాకపోయి ఉంటే, నేను పాఠం చదువుతూనే ఉండేదాన్ని, ఆమె వాత పెట్టేసేది.