మూగబోయిన మెట్లు

మా నాన్నతో మాట్లాడాలంటే ఇంట్లో అందరం అరవాల్సిందే. కొత్తగా వచ్చినవాళ్ళు లోపలేదో పెద్ద గొడవ జరుగుతోందనుకుని గుమ్మం దగ్గరే ఆగిపోయేవారు. తీరా చూస్తే ఆ గొడవంతా పప్పులో ఉప్పు చాలిందా లేదా అన్నదాని గురించే. రాయ్‌పూర్ డబ్ల్యూఆర్ఎస్ కాలనీలో మా వరసలో సగం ఇళ్ళు ఇంతే. వ్యాగన్లు బాగుచేసే వర్క్‌షాపులో ఏళ్ళ తరబడి రివెట్ల చప్పుడు మధ్య పనిచేసి, సన్నటి శబ్దాలన్నీ అక్కడే పోగొట్టుకున్న మనుషులు. నాన్నకి గూడ్సుబండి దడదడ వినపడేది, ఉరుము వినపడేది. కుక్కర్ విజిల్ మాత్రం వినపడేది కాదు.

అందుకే నేను గిటార్ వాయిస్తానన్న సంగతి నాన్నకి కళ్ళతోనే తప్ప చెవులతో తెలీదు. ఆ గిటార్ నాది కూడా కాదు, రైల్వే ఇన్‌స్టిట్యూట్ అనే మా స్టాఫు క్లబ్బు ఆర్కెస్ట్రాది. ఎలక్ట్రిక్ గిటార్ కాబట్టి ఆంప్లిఫయర్‌కి తగిలిస్తేనే దానికి గొంతు. ఆంప్లిఫయరేమో ఇన్‌స్టిట్యూట్ గదిలో తాళం వేసి ఉండేది. ఇంటి వరండాలో నేను ఉత్తి గిటార్ మీద సాధన చేస్తుంటే దోమ పాడినంత చప్పుడు వచ్చేది. నాకే సరిగ్గా వినపడనిది ఆయనకేం వినపడుతుంది? డ్యూటీ నుంచి వచ్చి, నా వేళ్ళ వంక ఒకసారి చూసి లోపలికి వెళ్ళిపోయేవాడు. బాగుందనీ అనలేదు, మానెయ్యమనీ అనలేదు. అది నాకు లోపల గుచ్చుకునేది. వినపడని మనిషి మీద కోపమేమిటని నన్ను నేనే తిట్టుకునేదాన్ని, అయినా కోపం తగ్గేది కాదు.

నేను డిగ్రీ చదువుతున్న రోజులవి. ఆర్కెస్ట్రాలో గిటార్ వాయించే ఆయనకి ఖరగ్‌పూర్ బదిలీ అయింది. వెళ్ళేముందు, తను నేర్పిన విద్యతో పాటు గిటార్‌నీ నా చేతిలో పెట్టి, "మెడ లోపలి చువ్వ జోలికి మాత్రం వెళ్ళకు" అని చెప్పి రైలెక్కాడు. అప్పటిదాకా నేను కోరస్‌లో ఒక మైకు ముందు నలుగురమ్మాయిలతో తోసుకుంటూ నిలబడేదాన్ని. ఆ యేడు దసరా అష్టమి ప్రోగ్రాంలో మొదటి ట్యూను నాదే. గిటార్ ఒక్కటే మొదలుపెట్టాలి, కింది స్వరాల నుంచి పైదాకా మెట్లన్నీ ఎక్కాలి, అప్పుడు మిగతావాళ్ళు అందుకోవాలి. ఊహించుకుంటేనే అన్నం సహించేది కాదు.

వానలు వెనకబట్టాక మొదటి ప్రాక్టీసు. వీణకున్నట్టే గిటార్ మెడకీ అడ్డంగా మెట్లుంటాయి కదా. ఏడో మెట్టు దాకా బాగానే ఎక్కాను. ఆ పైన వేలు పడుతోంది గానీ స్వరం రావడం లేదు. టక్కుమని చెక్క చప్పుడొచ్చి ఆగిపోతోంది. గట్టిగా నొక్కాను, మెల్లగా నొక్కాను, తీగ మార్చాను. అన్నీ మూగవే.

ఆర్కెస్ట్రా నడిపే బెంగాలీ పెద్దాయన్ని కాలనీ అంతా దాదా అనేవాళ్ళం. ఆయన హార్మోనియం ఆపి, "గిటార్ మర్ గయా, బేటీ" అన్నాడు. కసిరినా బాగుండేది, జాలిగా అన్నాడు. గిటార్ చచ్చిపోయిందట, తెలీబంధా పేటలో తెలిసినవాళ్ళ దగ్గర కీబోర్డు ఉందట, ట్యూను దాని మీద లాగించేద్దామట. శనివారం ప్రాక్టీసు దాకా చూస్తానన్నాడు. కీబోర్డు వచ్చిందంటే గిటార్ బీరువాలోకి, నేను మళ్ళీ కోరస్‌లోకి. అది ఆయన చెప్పనక్కర్లేదు, నాకు తెలుసు.

ఇంటికొచ్చి గిటార్‌ని మంచం మీద పడేసి కూర్చున్నాను. నాన్న బూట్లు విప్పుకుంటూ, "ఏటయింది?" అన్నాడు.

"సచ్చిపోయింది!" అని అరిచాను.

వంటింట్లోంచి అమ్మ గరిటెతో సహా పరిగెత్తుకొచ్చింది. "ఓలమ్మో, ఎవులే?"

విషయం తెలిశాక అమ్మ నన్ను తిట్టి వెళ్ళిపోయింది. నాన్న మాత్రం గిటార్‌ని ఒళ్ళోకి తీసుకుని, "సిక్కయిందన్నమాట" అన్నాడు. వర్క్‌షాపులో పాడైన వ్యాగన్‌ని సిక్ అంటారు. దాని పక్కమీద సుద్దముక్కతో ఆ మాట రాస్తారు. బాగుచేసి పరీక్ష చేశాక ఫిట్ అని రాస్తారు. మా కాలనీలో ఈ రెండు మాటలూ వ్యాగన్లు దిగి ఇళ్ళలోకి వచ్చేశాయి. జ్వరం వచ్చిన పిల్లాడు సిక్, గాలి పోయిన సైకిల్ సిక్, పక్కింటి పిన్నిగారికి నచ్చని పెళ్ళికొడుకులందరూ సిక్కే.

నాన్న గిటార్‌ని తల వైపు నుంచి పట్టుకుని, ఒక కన్ను మూసి, మెడ పొడవునా చూశాడు. "మద్దిలో దిగీసింది," అన్నాడు. తీగలు రెండు కొసలనీ పట్టి లాగుతుంటే, వానాకాలం చెమ్మకి మెత్తబడ్డ మెడ మధ్యలో గుంటపడింది. మధ్యలో తీగలు ఎత్తయిపోయి నొక్కడం కష్టమైనప్పుడు, ఖరగ్‌పూర్ వెళ్ళినాయన కింద తీగల్ని మోసే బ్రిడ్జి మరలు తిప్పి వాటిని కిందికి దింపేసి ఉంటాడు. దాంతో పై మెట్ల దగ్గర తీగలు దాదాపు మెట్లని ఆనుకుని పడుకున్నాయి. ఒక మెట్టు మీద నొక్కితే పక్క మెట్టు తగిలి స్వరం చచ్చిపోతోంది. ఇదంతా నాన్న రెండు నిమిషాల్లో చెప్పేశాడు.

మెడ లోపల పొడుగునా ఒక ఇనుప చువ్వ ఉంటుంది. దాన్ని బిగిస్తే మెడ వెనక్కి లేస్తుంది, వదులుచేస్తే ముందుకి వంగుతుంది. దాని జోలికి వెళ్ళొద్దని చెప్పారని అరిచాను.

"ఇనప సువ్వల జోలికెళ్ళకపోతే మనకి జీతమెవడిస్తాడే?" అన్నాడు నాన్న.

పనిముట్ల సంచీలోంచి మరలు బిగించే ఎలన్ కీ, స్టీలు స్కేలు, పొడుగాటి స్క్రూడ్రైవర్, సుద్దముక్క తీశాడు. "ఏవేవి సిక్కో ముందు రాసుకోవాల. వాయించు," అన్నాడు.

"నీకెలా వినపడతాది?"

ఆయన స్క్రూడ్రైవర్ మొనని గిటార్ చెక్కకి ఆనించి, పిడిని చెవి వెనక ఎముకకి నొక్కి పెట్టుకున్నాడు. బేరింగు లోపల ఏం జరుగుతోందో వర్క్‌షాపులో అలాగే వింటారట. నేను ఒక తీగ మీటాను.

నాన్న కదలడం మానేశాడు. తీగ ఆగేదాకా అలాగే ఉండిపోయి, "మళ్ళీ," అన్నాడు. మళ్ళీ మీటాను. "ఇంకోటి," అన్నాడు. అన్ని తీగలూ అయ్యాక స్క్రూడ్రైవర్ తీయకుండానే, "ఇంత బాగుంటాదేటే ఇది?" అన్నాడు. ఇన్నాళ్ళూ నేను ఆ వరండాలో ఏం చేస్తున్నానో ఆయనకి ఆ నిమిషంలో తెలిసింది. నా కోపమంతా ఎటు పోయిందో తెలీదు.

తర్వాత ఒక్కో మెట్టూ వాయించాను. మూగదాని పక్కన నాన్న సుద్దతో ఒక ఇంటూ పెట్టాడు. అయ్యేసరికి మెడ పై భాగమంతా ఇంటూలే. అప్పుడు ఎలన్ కీ పెట్టి చువ్వని కొంచెం కొంచెంగా బిగించాడు. స్టీలు స్కేలుని మెట్ల మీద నిలబెట్టి కింద వెలుతురు కనపడుతోందా అని చూడడం, మళ్ళీ బిగించడం. చివరికి స్కేలు కింద వెంట్రుక కూడా దూరనంతగా మెడని తిన్నగా చేసి, "బిల్కుల్ సీదా!" అన్నాడు. ఆయన ముఖంలో సంతోషం చూడాలి.

మర్నాడు పొద్దున్నే తీసి వాయించాను. పై మెట్లు కొన్ని బతికాయి. కింది మెట్లు, నిన్నటిదాకా బంగారంలా మోగినవి, అన్నీ జరజరమని పోయాయి. మెడ తిన్నగా కావడం దాటి కాస్త వెనక్కి కూడా వాలినట్టుంది. శనివారం ప్రాక్టీసు రేపే. నాకు ఒళ్ళు మండిపోయింది.

"మొత్తం సంపీసినావు!" అన్నాను, నా గొంతులో ఉన్న బలమంతా పెట్టి. అది ఆయనకి స్పష్టంగా వినపడింది. టీ సగంలో వదిలేసి డ్యూటీకి వెళ్ళిపోయాడు.

సాయంత్రం వచ్చి బూట్లయినా విప్పకుండా కిటికీ దగ్గర కూర్చుని, "వాయించు," అన్నాడు. ఈసారి స్క్రూడ్రైవర్ పెట్టలేదు. ఏటవాలు ఎండలో తీగ వంక చూస్తున్నాడు. మీటిన తీగ రెండు కొసల దగ్గరా కదిలీ కదలనట్టుండి, నడిమధ్యలో వెడల్పుగా ఊగుతోంది. "మద్దిలో బొజ్జ పెడతందే!" అని తొడ చరిచాడు.

"బండి అడుగు దూలానికి మేం ఏటి సేస్తాం? ఖాళీగా ఉన్నప్పుడు నడుం రవ్వంత పైకి వొంచి పెడతాం. బరువెక్కినాక సీదా అవుతాది. రోజూ సేసే పనే. తీగలకేటి బరువు, గాలిలాగుంటాయి గదా అని దీన్ని స్కేలు పెట్టి సీదా సేసీసినాను. ఆ బొజ్జకి సోటేదీ? మెట్టుకి తగిలి సస్తంది." తన తెలివికి తనే నవ్వుకున్నాడు. వ్యాగన్ల మధ్య బతికిన మనిషి కాబట్టే, తీగల బరువు ఆయన లెక్కలోకి రాలేదు. నాకూ నవ్వొచ్చింది.

చువ్వని ఒక రవ్వ వదులు చేశాడు. ఇంకొంచెం తిప్పమన్నాను. "తిప్పకూడదు. ఇనుము సెప్పగానే ఇంటాది. కర్ర ఆలోసించుకోవాల," అని గిటార్‌కి తీగలు బిగించి ఉండగానే గోడకి తగిలించాడు.

శనివారం పొద్దున్న చూస్తే మెడ మధ్యలో స్కేలు కింద సన్నటి వెలుగు గీత. కింది మెట్లు మళ్ళీ మోగాయి. ఇక మిగిలింది బ్రిడ్జి. నాన్న దాని మరలు తిప్పి తీగల్ని పైకి లేపాడు. అక్కడ మా ఇద్దరికీ బేరం మొదలైంది. తీగ ఎత్తుగా ఉంటే స్క్రూడ్రైవర్‌లో గంటలా వినపడుతోందని ఆయన, అంత ఎత్తయితే నా వేళ్ళు తెగుతాయని నేను. "నా సెవికి కొంచెం, నీ యేలికి కొంచెం," అంటూ తిప్పుతూ పోయాడు. బతికిన మెట్టు పక్కన ఇంటూని బొటనవేలితో తుడిచేశాడు. పది గంటలయ్యేసరికి ఒక్క ఇంటూ కూడా మిగల్లేదు.

"ఫిట్టని రాయవేటి?" అని అడిగాను.

"ఇంట్లో రాయరు. లోడు పడాల, లైను మీద నడవాల. అప్పుడు రాస్తారు," అని సుద్దముక్క జేబులో వేసుకున్నాడు.

సాయంత్రం ప్రాక్టీసులో ఆంప్లిఫయర్‌కి తగిలించి ట్యూను మొదలుపెట్టాను. ఏడో మెట్టు దాటాను, ఎనిమిది, తొమ్మిది, ఆ పైనా. దాదా హార్మోనియం అందుకోవడం మర్చిపోయి, "అరే, యే తో జిందా హో గయా!" అన్నాడు. చచ్చిందన్నది బతికిందట. కీబోర్డు తెలీబంధాలోనే ఉండిపోయింది.

అష్టమి నాడు నాన్న ప్రోగ్రాంకి వచ్చాడు. ఏ యేడూ వచ్చేవాడు కాదు, అక్కడంతా గోల తప్ప ఏమీ తెలీదనేవాడు. వచ్చి కుర్చీలో కూర్చోకుండా, స్టేజీ పక్కనున్న పెద్ద స్పీకరు పెట్టెని ఆనుకుని నేల మీద కూర్చున్నాడు. రెండు అరచేతులూ పెట్టె మీద పరిచాడు. ఎవరో తాగాడేమో అన్నారట, అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేను మొదలుపెట్టాను. మెట్లెక్కుతూ ఆయన వంక చూశాను. చిట్టచివరి స్వరం పట్టి వదలకుండా ఉంచాను. నాన్న తలెత్తి నా వైపు చూసి తల ఊపాడు. అంత సంతోషం నేను మళ్ళీ ఎప్పుడూ పడలేదు.

చప్పట్లు ఇంకా అవుతుండగానే స్టేజీ మెట్లెక్కి వచ్చి, "తిప్పు," అన్నాడు. గిటార్ వెనక్కి తిప్పాను. సుద్దముక్కని నాలుకకి తడి చేసుకుని, వ్యాగన్ మీద రాసినట్టే పెద్ద పెద్ద ఇంగ్లీషు అక్షరాలతో ఫిట్ అని రాసి దిగిపోయాడు. దాదా పడీ పడీ నవ్వాడు. వెంటనే రెండో పాట, మూడో పాట. గిటార్ ఒంటికి ఆనించుకుని వాయిస్తూనే ఉన్నాను.

ఇంటికొచ్చాక అమ్మ నా ముదురు నీలం కుర్తా చూసి, "పొట్ట మీద ఏటే ఆ మరక? ఉతకడానికి పడీ," అంది. చూసుకుంటే ఆ మూడక్షరాలూ తిరగబడి నా మీద అచ్చుపడ్డాయి. ఇవ్వనన్నాను. "ఏటంటంది?" అని నాన్న అడిగాడు. "బట్టలు ఉతకనీదంట!" అని అమ్మ అరిచింది. నేనేమీ అరవలేదు. వెళ్ళి ఆయన ఎదురుగా నిలబడ్డాను.

నాన్న కళ్ళజోడు పెట్టుకుని, వంగి, అక్షరాలు ఒక్కొక్కటిగా చదువుకున్నాడు. "ఉతికీమను తల్లీ," అన్నాడు. "వానకి మా బండ్ల మీదా సెరిగిపోతాది. బండి మాత్రం నడుస్తానే ఉంటాది."

మర్నాడు పొద్దున్న కుర్తా అమ్మకి ఇచ్చేసి, గిటార్ తీసుకుని వరండాలో కూర్చున్నాను. నాన్న లోపలి నుంచి స్క్రూడ్రైవర్ తెచ్చుకుని నా పక్కన కూర్చున్నాడు.